అడవి అంచున కాకి వేట

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారి పొడవునా రెండు రకాల కాకులు ఉంటాయి. మెడ చుట్టూ బూడిదరంగు పట్టీ ఉన్నది ఊరకాకి. ముక్కు మొదలు తోక చివరిదాకా నల్లగా నిగనిగలాడుతూ, మందమైన ముక్కుతో, కొంచెం భారీగా కనిపించేది బొంతకాకి. దీన్నే అడవికాకి అని కూడా అంటారు. ఊరకాకి శాస్త్రీయ నామం కార్వస్ స్ప్లెండెన్స్. దక్కను ప్రాంతపు బొంతకాకికి 1832లో సైక్స్ అనే ఆంగ్లేయ అధికారి కార్వస్ కల్మినేటస్ అని పేరు పెట్టాడు. జెముడుకాకి, నీటికాకి పేరుకే కాకులు. జెముడుకాకిది కోకిల కుటుంబం, నీటికాకి చేపలు పట్టుకుని బతికే వేరే జాతి.

ఈ రెండింటి కాపురాలు వేరు. మనిషి లేనిచోట ఊరకాకి ఉండదు. వంటింటి మెతుకు, సంతలో చెత్త, కోళ్ల దుకాణం వెనక పారేసే పేగులు, ఇవే దాని జీవనాధారం. మనుషులకు దూరంగా, పూర్తిగా అడవిని నమ్ముకుని బతికే ఊరకాకుల గుంపు ఎక్కడా కనిపించదు. భద్రాచలంలో గుడి వీధుల్లో, సారపాక కాగితపు మిల్లు దగ్గర, పాల్వంచ కాలనీల్లో అది గుంపులుగా తిరుగుతుంది. అక్కడి నుంచి నాలుగు మైళ్లు అడవిలోకి వెళ్తే దాని గోల క్రమంగా సన్నగిల్లి, బొంతకాకి బొంగురు గొంతు మొదలవుతుంది. బొంతకాకి ఊళ్లోనూ ఉంటుంది, అడవి లోపలా ఉంటుంది. అందువల్ల ఊరకాకి ఎక్కడ ఆగిపోయిందో చూస్తే ఊరి పొలిమేర ఎక్కడుందో తెలిసిపోతుంది. అడవి అంచును గుర్తించడానికి ఇంతకన్నా తేలికైన కొలబద్ద ఇంకొకటి లేదు.

ఆ అడవి సామాన్యమైనది కాదు. గోదావరికి దక్షిణాన 1977లో ఏర్పాటైన కిన్నెరసాని అభయారణ్యం విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు కలగలిసిన ఆకురాల్చే అడవి అది. నదికి తూర్పున పాపికొండల వైపు చెట్లు ఇంకా చిక్కగా ఉంటాయి. పాలనాపరంగా ఈ నేల పలుమార్లు చేతులు మారింది. పాల్వంచ నిజాం రాజ్యంలో ఉండగా భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది, భద్రాచలం డివిజన్ 1959లో తూర్పు గోదావరి నుంచి అందులో చేరింది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టూ ఉన్న కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. గీతలు ఎన్నిసార్లు మారినా అడవిలో ఉన్నవారు కోయలు, కొండరెడ్లే. కాకులూ అవే.

ఈ ప్రాంతంలో కాకిని కూర కోసం వేటాడటం అరుదు. అడవికోడి, కౌజు, కుందేలు, పంది కోసం విల్లంబులు పట్టుకుని పోయేవారు కూడా కాకి జోలికి పోరు. మాంసం కొంచెం, పైగా కుళ్లిన శవాలు తినే పక్షి అన్న ఏవగింపు. పితృదేవతలు కాకి రూపంలో వచ్చి పిండం ముడతారన్న నమ్మకం మైదాన ప్రాంతపు ఇళ్లలో బలంగా ఉంది. పదో రోజున కాకి పిండం ముట్టుకునేదాకా కుటుంబమంతా చేతులు కట్టుకుని నిలబడి చూస్తుంది. అలాంటి పక్షిని చంపడానికి చేయి రాదు. అయినా కాకి మీద రాయి పడుతూనే ఉంది. దానికి రెండే కారణాలు: చేను, కోడిపిల్ల.

వానలకు ముందు విత్తనం వేసిన రోజు నుంచి కాకి చేను మీద కన్నేసి ఉంచుతుంది. మొలకెత్తుతున్న మొక్కజొన్న గింజను మట్టిలోంచి పీకి, మెత్తబడిన పప్పు తిని, పీచును అక్కడే వదిలేస్తుంది. వేరుశనగ విత్తిన చాళ్ల వెంట వరసగా నడుచుకుంటూ పోయి ఒక్కో గింజనూ లెక్కపెట్టినట్టు తీసుకుంటుంది. కంకి పాలు పోసుకునే దశలో మళ్లీ వస్తుంది. పోడు చేలల్లో మంచె కట్టుకుని కూర్చున్న మనిషి చేతిలో ఒడిసెలో, గులేరో ఉంటుంది. విల్లంబులతో పిట్టలను కొట్టేవారు వాటికోసం పదునైన మొన బదులు మొద్దు తల ఉన్న బాణం వాడతారు. ఈక చిరగకుండా, బాణం కొమ్మకు గుచ్చుకుని పోకుండా పిట్ట మాత్రం కింద పడాలన్నది దాని ఉద్దేశం. ఉచ్చు, వల, చెట్టుపాలతో చేసిన బంక, ఇవన్నీ పిట్టలు పట్టేవారి పాత సాధనాలే. వీటన్నింటికీ కౌజు చిక్కుతుంది, పావురం చిక్కుతుంది. కాకి మాత్రం తేలిగ్గా చిక్కదు. ఎందుకు చిక్కదన్నదే ఇక్కడ అసలు విజ్ఞానం.

మొదటి కారణం దాని కన్ను. కాకి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఒక్కో కన్ను తన వైపు ప్రపంచాన్ని విడిగా చూస్తుంది. రెండు కళ్ల చూపూ కలిసే భాగం ముక్కుకు ఎదురుగా కొంత మేరకే ఉంటుంది. అందుకే కాకి దేన్నైనా పరీక్షగా చూడాలంటే తల వంచి, ఒక పక్కకు తిప్పి, ఒంటికన్నుతో చూస్తుంది. ఆ వెంటనే తల ఇటు తిప్పి రెండో కన్నుతో చూస్తుంది. కాకికి ఒకటే కనుగుడ్డు ఉంటుందని, అది ఈ గూటి నుంచి ఆ గూటికి దొర్లుతుందని జనం చెప్పుకోవడానికి మూలం ఈ తల తిప్పుడే. భద్రాచలం ప్రాంతంలో ఈ మాటకు ఇంకో వన్నె ఉంది. సీతమ్మను పొడిచిన కాకి మీద రాముడు గడ్డిపరకను అస్త్రంగా వదలడం, అది మూడు లోకాలూ తిరిగి చివరకు రాముడి కాళ్ల మీదే పడటం, ప్రాణానికి బదులు ఒక కన్ను పోగొట్టుకోవడం వాల్మీకి రామాయణంలో సుందరకాండలో సీత హనుమంతుడికి ఆనవాలుగా చెప్పే కథ. ఆ సంఘటన జరిగింది చిత్రకూటంలో. రాముడి పర్ణశాల ఇక్కడే ఉండేదని నమ్మే నేల మీద ఆ కథ ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. కథ కన్ను పోయిందంటుంది, శరీర నిర్మాణం రెండు కళ్లూ ఉన్నాయంటుంది. కాకి చూసే తీరును మాత్రం ఆ కథ అల్లినవారు ఎంత శ్రద్ధగా గమనించారో ఒప్పుకోవాలి.

పక్కకు ఉన్న కళ్ల వల్ల కాకికి వెనక తప్ప దాదాపు చుట్టూ కనిపిస్తుంది. మనిషి కంటిలో రంగులను గ్రహించే కణాలు మూడు రకాలు. పక్షి కంటిలో నాలుగు. పచ్చటి ఆకుల మధ్య కదిలే ఖాకీ చొక్కా మనకు కలిసిపోయినట్టు అనిపించినా దానికి అలా అనిపించకపోవచ్చు. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవి కాకుల్లో మాత్రం రెండు కళ్ల చూపు 60 డిగ్రీలకు పైగా కలుస్తుంది. పుల్లను ముక్కున పట్టుకుని తొర్రలోని పురుగును బయటికి లాగే ఆ జాతికి ఎదురు చూపు అవసరం. మన కాకికి కావలసింది ఎదురు చూపుకన్నా చుట్టుచూపు.

కన్ను చూసినదాన్ని తూకం వేసేది మెదడు. కాకి జాతికి చెందిన రూక్ అనే పక్షి మెదడు బరువు సుమారు 8 గ్రాములు. అందులో నాడీకణాలు 150 కోట్ల వరకు ఉన్నాయని 2016లో ప్రచురితమైన లెక్క చెప్పింది. కొన్ని చిన్న కోతుల మెదళ్లలో ఉన్నన్ని కణాలు అంత చిన్న మెదడులో ఇమిడాయి. పక్షి మెదడులో నాడీకణాలు చిన్నవిగా, దగ్గర దగ్గరగా సర్దుకుని ఉండటమే దీనికి కారణం. 'పిట్ట మెదడు' అని చులకన చేసే మాటకు ఇంక అర్థం లేదు.

చేను కాపలా కాసేవారు దీన్ని రోజూ చూస్తారు. మంచె మీది మనిషి ఊరికే నిలబడితే కాకి కదలదు. చేయి ఊపితే రెండు బారలు జరుగుతుంది. నేల మీదికి వంగితే మాత్రం రాయి చేతికి రాకముందే లేచిపోతుంది. వంగడం, తీయడం, విసరడం అన్న మూడు పనుల వరసను అది నేర్చుకుంది. గులేరు రబ్బరును చెవిదాకా లాగుతున్న కుర్రాడికి, కర్ర పట్టుకుని నడిచే ముసలాయనకు మధ్య తేడా దానికి తెలుసు. కుర్రాడి విషయంలో కొబ్బరిచెట్టంత దూరం పాటిస్తుంది, ముసలాయన పక్కనుంచే గెంతుకుంటూ పోతుంది.

అది ఇంకా ముందుకు వెళ్తుంది, మనిషి మనిషిని వేరుచేసి గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త 2006లో దీన్ని పరీక్షించాడు. ఆదిమానవుడి ముఖం ఉన్న ముసుగు వేసుకుని ఏడు కాకులను పట్టి, కాలికి పట్టీలు తొడిగి వదిలేశారు. తర్వాత ఆ ముసుగుతో ఎవరు నడిచినా కాకులు మీదికి వచ్చి అరిచాయి. వేరే ముసుగు వేసుకుంటే పట్టించుకోలేదు. మనిషి ఎవరన్నది, బట్టలు ఏవన్నది వాటికి లెక్కలేదు, ముఖమే లెక్క. అన్నింటికన్నా విచిత్రం ఏమంటే, ఆ ఏడింటితో ఏ సంబంధమూ లేని కాకులు, అప్పటికి పుట్టని పిల్లలు కూడా అరవడం నేర్చుకున్నాయి. పెద్దవాటిని చూసి పిల్లలు, పక్కవాటిని చూసి మిగతావి నేర్చాయి. ఆ ముఖం మీది కోపం పూర్తిగా చల్లారడానికి దాదాపు 17 ఏళ్లు పట్టింది. ఒక కాకిని కొట్టినవాడికి ఆ ఊరి కాకులన్నీ పగవాళ్లవుతాయన్న పల్లె మాటలో చాలా నిజం ఉందని ఈ ప్రయోగం చూపించింది.

కాకులకు లెక్క వచ్చా అన్న ప్రశ్న కూడా వేటగాళ్ల నుంచే పుట్టింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు వేటల అధికారి లెరాయ్ రాసిన సంగతిని ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ లుబాక్ 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చాడు. కాకి గూడుకు ఎదురుగా ఉన్న గుడిసెలో మనిషి దాక్కుంటే కాకి గూటికి రాదు. ఇద్దరు వెళ్లి ఒకరు బయటికి వస్తే, లోపల ఇంకొకరు ఉన్నారని గ్రహించి దూరంగానే ఉండిపోతుంది. ముగ్గురు వెళ్లి ఇద్దరు వచ్చినా మోసపోలేదు. ఐదారుగురు వెళ్లి ఒకరు మిగిలినప్పుడే లెక్క తప్పి గూటికి వచ్చిందట. ఇది ప్రయోగం కాదు, కథే. అయితే జర్మనీలోని ట్యూబింగెన్‌లో కాకుల మెదడులో ఒకటి, రెండు, మూడు వంటి సంఖ్యలకు విడివిడిగా స్పందించే నాడీకణాలు ఉన్నట్టు 2015లో చూపించారు. అక్కడి కాకులు ఎన్నిసార్లు అరవమంటే అన్నిసార్లు, నాలుగు వరకు, లెక్కతో అరవగలవని 2024లో తేలింది. మంచె మీదికి ముగ్గురు ఎక్కి ఇద్దరు దిగితే చేలోకి రాని కాకి గురించి చెప్పే రైతు మాటను ఇక కొట్టిపారేయలేం.

ఇంత తెలివైన పక్షికీ ఒక బలహీనత ఉంది. అది గుడ్లగూబ. పగలు గుడ్లగూబ కనిపిస్తే కాకి ఊరుకోలేదు. ఒకటి అరిస్తే పది చేరతాయి, పది అరిస్తే యాభై. చుట్టూ ఎగురుతూ, తోకను పొడుస్తూ, దాన్ని చెట్టు నుంచి చెట్టుకు తరుముతాయి. దీనికి కారణం రాత్రిపూట ఉంది. చీకట్లో కాకికి చూపు ఆనదు. పెద్ద గుడ్లగూబలు నిద్రపోతున్న కాకులను కొమ్మ మీది నుంచే ఎత్తుకుపోతాయి. పగటి వేళ ఎక్కడ కూర్చుందో బయటపెట్టి, ఆ చోటు నుంచి తరిమేస్తే రాత్రి గండం తప్పుతుంది. పంచతంత్రంలో కాకులకు, గుడ్లగూబలకు జరిగే యుద్ధానికి ఒక తంత్రమంతా కేటాయించారు. మహాభారతం సౌప్తికపర్వంలో అశ్వత్థామ మర్రిచెట్టు కింద కూర్చుని, ఒక గుడ్లగూబ నిద్రపోతున్న కాకులను చంపడం చూసి, నిద్రలో ఉన్న పాండవ శిబిరం మీద పడాలన్న ఆలోచన తెచ్చుకుంటాడు. వేల ఏళ్ల కిందటి కవి గమనించిన జీవశాస్త్రం అది.

అమెరికా కాకి వేటగాళ్లు బతికేది ఈ వైరం మీదే. ప్లాస్టిక్ గుడ్లగూబను కర్రకు కట్టి నిలబెట్టి, కాకి అరుపులాంటి శబ్దం చేసే ఊదుడు గొట్టం ఊదుతారు. గుడ్లగూబను చుట్టుముట్టడానికి కాకులు వస్తాయి, పొద వెనక తుపాకీ పేలుతుంది. అక్కడ కాకి వేటకు చాలా రాష్ట్రాల్లో లైసెన్సు, నిర్ణీత కాలం ఉన్నాయి. 1972లో మెక్సికోతో ఉన్న పక్షుల ఒప్పందంలో కాకులు చేరాక ఆ కాలపరిమితి వచ్చింది. అయితే ఒకేచోట మళ్లీ మళ్లీ వేటాడితే ఫలితం తగ్గిపోతుంది. చచ్చిన కాకి పడిన చోటును మిగతావి గుర్తుపెట్టుకుంటాయి.

ఆ గుర్తు సంగతి మన రైతులకూ బాగా తెలుసు. చచ్చిన కాకిని తలకిందులుగా కర్రకు కట్టి చేలో వేలాడదీయడం తెలుగు పల్లెల్లోనే కాదు, దేశమంతా ఉన్న పద్ధతి. చేపలు ఎండబెట్టే చోటా, చెరువు గట్ల మీదా నల్లగుడ్డ కట్టడం దాని నకలే. చచ్చిన కాకి చుట్టూ బతికినవి చేరి పెద్దపెట్టున అరవడం, కాసేపటికి చప్పున చెల్లాచెదురు కావడం ఊళ్లో అందరూ చూసిందే. దుఃఖమని కొందరు, కర్మకాండ అని కొందరు అంటారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనే 2015లో జరిగిన పరిశీలన ఇందులో పాఠం కూడా ఉందని చెప్పింది. చచ్చిన కాకిని చేతిలో పట్టుకుని నిలబడిన మనిషిని అవి ప్రమాదంగా గుర్తుపెట్టుకున్నాయి, ఆ చోట మేత ఉన్నా దగ్గరికి రావడానికి జంకాయి. ఆ గుంపు చేరేది ఏడవడానికో కాదో చెప్పలేం, ఎలా చచ్చిందో తెలుసుకోవడానికి మాత్రం చేరుతుంది.

ఇక కాకి తానే చేసే వేట. అడవిలో బొంతకాకి ఇతర పక్షుల గూళ్లను వెతుకుతుంది. గువ్వ గుడ్లు, బుల్‌బుల్ పిల్లలు, తొండలు, కప్పలు, ఎలుక కూనలు, దుక్కి వెనక తేలిన పురుగులు, ఇప్పపువ్వు, మర్రి, రావి, వేప పళ్లు, అన్నీ దాని మేతే. జతగా వేటాడటం దానికి అలవాటు. ఒకటి గూటి మీదున్న తల్లిని కవ్విస్తే, అది తరమడానికి లేచిన క్షణంలో రెండోది గుడ్డు లాక్కుంటుంది. తినగా మిగిలినదాన్ని ఆకుల కిందో, తొర్రలోనో దాచుకుంటుంది. ఇంకో కాకి చూస్తుంటే అక్కడ పెట్టినట్టు నటించి, ఇంకెక్కడో దాచే జాతులు ఈ కుటుంబంలో ఉన్నాయి.

చిరుతో, అడవికుక్కలో పడగొట్టిన జింక దగ్గరికి అందరికన్నా ముందు వచ్చేది ఇదే. నల్లమద్ది పైకొమ్మన కూర్చుని చాలాసేపు చూస్తుంది. కింది కొమ్మకు దిగుతుంది. నేల మీద పది బారల దూరంలో వాలి, రెండు గెంతులు ముందుకు, ఒకటి పక్కకు వేస్తుంది. తోకను ఒక్కసారి పొడిచి, ఎగిరి వెనక్కి దూకుతుంది. కళేబరం కదలదు. మళ్లీ పొడుస్తుంది. ఆ తర్వాతే కంటి మీదికి ముక్కు పోతుంది, ఎందుకంటే దళసరి చర్మాన్ని చీల్చే బలం దాని ముక్కుకు లేదు. పొదలో చిరుత ఇంకా ఉంటే కాకి నేలకు దిగదు, కొమ్మ మీదే అరుస్తుంది. పాతకాలపు శిఖారీలు ఆ రెండు ప్రవర్తనల తేడాను చదివి, పులి చంపిన మాంసం ఎక్కడుందో, పులి పక్కనే ఉందో లేదో తెలుసుకునేవారు. 1931-32లో హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సాలిం అలీ తన పుస్తకంలో బొంతకాకి వేటగాళ్లకు చేసే ఈ మేలును ప్రత్యేకంగా చెప్పాడు. ఇప్పుడు శిఖారీలు లేరు. అడవిలో ఉచ్చుకు పడి చచ్చిన జంతువు మీద కూడా కాకులు అలాగే చేరతాయి కాబట్టి, ఆ గోల అడవి కాపలా సిబ్బందికి పనికొచ్చే సమాచారం. పశువులకు వేసిన డైక్లోఫినాక్ మందు వల్ల దేశంలో రాబందులు కుప్పకూలాక, కళేబరాలను శుభ్రం చేసే పనిలో కాకుల వాటా మరింత పెరిగి ఉండవచ్చు.

వేటాడే కాకిని కూడా మోసం చేసేది కోకిల. దక్కనులో బొంతకాకి చలికాలం చివర నుంచి ఎండాకాలం మొదటిదాకా, ఊరకాకి ఏప్రిల్ నుంచి వానలు మొదలయ్యేదాకా గూడు కడతాయి. మగ కోకిల గూటి దగ్గర కూసి కాకులను తన వెంట తరిమించుకుంటుంది, ఆ సందులో ఆడది గుడ్డు పెడుతుంది. కోకిల గుడ్డు 13, 14 రోజుల్లో పొదుగుతుంది. కాకి గుడ్డుకు 16, 17 రోజులు పడుతుంది. ముందు పుట్టిన పిల్లకు మేత ముందు దొరుకుతుంది. మనిషి ముఖాన్ని ఏళ్ల తరబడి మరవని కాకి తన గూట్లోని పరాయి గుడ్డును గుర్తుపట్టలేకపోవడం ప్రకృతిలోని పెద్ద విచిత్రాల్లో ఒకటి.

కాకులు ఎక్కువయ్యాయి, చంపేస్తే పోతుందన్న ఆలోచన చాలా దేశాల్లో అమలైంది. 1940లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ దగ్గర కాకులు రాత్రి చేరే తోపులో డైనమైట్ పెట్టి ఒకేసారి 3,28,000 కాకులను చంపారు. ఆ దేశంలో కాకి ఇప్పటికీ సర్వసాధారణమైన పక్షే. జపాన్ రాజధాని టోక్యోలో 2001 నాటికి కాకులు సుమారు 36 వేలు. బోనులు పెట్టి పట్టడంతో పాటు చెత్త సంచుల మీద వలలు కప్పడం మొదలుపెట్టాక సంఖ్య తగ్గింది. మన ఊరకాకినే 19వ శతాబ్దం చివర చెత్త తింటుందని జాంజిబార్ దీవికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా తీరమంతా పాకి స్థానిక పక్షుల గూళ్లను ఊడ్చేసింది. కెన్యా ప్రభుత్వం 10 లక్షల కాకులను తొలగిస్తామని 2024లో ప్రకటించింది. పరాయి నేల మీద, మనిషి తెచ్చిపెట్టిన చోట కాకి నిజంగానే బెడద. సొంత నేల మీద పరిస్థితి వేరు. కాకి జాతి పక్షులు ఇతర పక్షుల సంఖ్యను తగ్గిస్తున్నాయా అని 42 అధ్యయనాలలోని 326 సందర్భాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. 81 శాతం సందర్భాల్లో చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. గూడున్న జంటను చంపితే ఆ జాగా కోసం ఎదురుచూస్తున్న ఇంకో జంట వారాల్లో వచ్చి కూర్చుంటుంది. చెత్తకుప్ప ఉన్నంతకాలం ఖాళీ నిండుతూనే ఉంటుంది. కాకులను కొట్టి గద్దలకు వేసినంత మాత్రాన చేనుకు ఒరిగేది లేదు.

చట్టం కూడా ఇప్పుడు కాకి వైపే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఐదో షెడ్యూలు ఉండేది. ఎలుకలు, చుంచెలుకలు, పళ్లు తినే గబ్బిలాలతో పాటు 'సాధారణ కాకి' అందులో హానికర జీవి. దాన్ని చంపడానికి అనుమతి అక్కర్లేదు. 2022 సవరణ ఆ షెడ్యూలును తీసేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఊరకాకి రెండో షెడ్యూలులోకి వెళ్లింది. ఇప్పుడు దాన్ని వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం దృష్టిలో వేట అంటే చంపడమే కాదు, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, గూడు చెదరగొట్టడం, గుడ్లు తీయడం కూడా వేటే. కిన్నెరసాని వంటి అభయారణ్యం లోపల ఏ జంతువును వేటాడినా శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండవచ్చు.

ఏజెన్సీ గూడేలకు ఇది సున్నితమైన విషయం. విత్తనాలకు ముందు భూమి పండుగ చేసుకుని మగవాళ్లు సామూహికంగా వేటకు పోవడం, ఆడవాళ్లు దారులు కట్టి వచ్చేపోయేవారిని డబ్బులు అడగడం కోయల సంప్రదాయం. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి, తునికాకుకు, ఇప్పపువ్వుకు హక్కు ఇచ్చింది కానీ సంప్రదాయ వేటను స్పష్టంగా మినహాయించింది. వన్యప్రాణి చట్టం గిరిజనుల వేట హక్కును మినహాయించి కాపాడింది ఒక్క నికోబార్ దీవుల్లోనే. అందువల్ల చట్టం ఏం చెబుతోందో గూడెంలో ముందే వివరించి చెప్పడం అధికారుల బాధ్యత. తెలియక గులేరు ఎత్తిన కుర్రాడిని కేసులో ఇరికించి నేర్పే పాఠం కాదిది.

చేనును కాపాడుకునే దారులు వేరే ఉన్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని పక్షి విభాగం పరీక్షించిన మెరుపు రిబ్బను వాటిలో ఒకటి. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండిరంగు ఉన్న ఈ పట్టీని కర్రలకు అడ్డంగా, కొంచెం మెలితిప్పి కడితే గాలికి తళుక్కుమని, గరగరమని పక్షులను బెదరగొడుతుంది. కాకి దానికి అలవాటు పడకముందే కోత ముగియాలి కాబట్టి, కంకి పాలు పోసుకునే రోజుల్లోనే కట్టాలి. గట్టు పక్క వరసల్లో కంకిని దాని ఆకులతోనే చుట్టి కట్టడం ఇంకో పద్ధతి. విత్తనం పైపైన కాకుండా లోతుగా వేయడం, మొలకలొచ్చే వారం రోజులూ తెల్లవారుజామున, సాయంత్రం మనిషి చేలో తిరగడం కూడా పనిచేస్తాయి. కోడిపిల్లలను మొదటి రెండు వారాలు గంప కింద మూస్తే కాకి వాటి జోలికి రాలేదు.

ఒక జాగ్రత్త మాత్రం అందరికీ అవసరం. 2020 చివర, 2021 మొదట్లో రాజస్థాన్‌లోని ఝాలావాడ్‌లో కాకులు గుంపులుగా చచ్చిపడ్డాయి. పరీక్షిస్తే అది హెచ్5ఎన్8 రకం బర్డ్‌ఫ్లూ అని తేలింది. కోళ్ల ఫారాల్లో జబ్బు బయటపడటానికి ముందే కాకులు దాన్ని చూపించిన సందర్భాలున్నాయి. అందువల్ల దిష్టిబొమ్మగా కట్టడానికైనా సరే, చచ్చిన కాకిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. ఒకేచోట రెండు మూడు చచ్చి కనిపిస్తే పిల్లలను, కోళ్లను దూరంగా ఉంచి, వెంటనే దగ్గర్లోని పశువైద్యశాలకు కబురు పెట్టండి.